అటక మీది కంప్యూటరు – దాని డిస్కు సంగతులు

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఇవాళ్టి విషయం వింటే మీలో కొందరికి నవ్వొస్తుందేమో! పచ్చళ్ల గురించీ, పట్టుచీరల మీది మరకల గురించీ, పసిపిల్లల దగ్గుల గురించీ మాట్లాడే ఈవిడకి కంప్యూటరెందుకొచ్చిందీ అని. నిజమే, నేను చదివింది పదో తరగతి. అయినా కుట్టుమిషను బాబిన్ ఎక్కడ బిగుసుకుందో చూసుకోగలిగినవాళ్లం, గ్రైండరు తిరక్కపోతే ముందు ప్లగ్గు చూడాలో బెల్టు చూడాలో తెలిసినవాళ్లం. మనకి ఈ యంత్రం అర్థం కాకపోవడానికి కారణమేమీ లేదు. పైగా ఇది మన ఇళ్లలో చాలామందికి ఎదురయ్యే సమస్యే. 1984 నవంబరులో కేంద్ర ప్రభుత్వం కంప్యూటర్ల మీది ఆంక్షలు సడలించాక, ఆ తరవాత అయిదారేళ్లలో మన ఊళ్లలో కూడా డాక్టర్లూ, ఆడిటర్లూ, వ్యాపారస్థులూ, ముచ్చటపడ్డ పెద్దమనుషులూ కొందరు కంప్యూటర్లు కొన్నారు. ఆ పెట్టెలు ఇవాళ అటకల మీదున్నాయి. వాటిలో ఆ పెద్దవాళ్ల లెక్కలున్నాయి, ఉత్తరాలున్నాయి. పాతసామాన్లవాడు వచ్చి కిలోల్లెక్కన అడుగుతున్నాడు.

అందులో ఉన్నది చూడకుండా ఇచ్చెయ్యడానికి మనసొప్పదు. చూద్దామంటే డిస్కు పనిచెయ్యదు. అక్కడ మొదలవుతుంది తంటా.

హార్డ్‌డిస్కు అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. గ్రామఫోను రికార్డు చూశారు కదా, దాదాపు అలాటి పళ్లెమే. మీద అయస్కాంతపు పూత ఉంటుంది. గ్రామఫోను ముల్లు రికార్డుని తాకుతుంది. ఇక్కడ చదివే 'హెడ్డు' తాకదు, గాలిపొర మీద వెంట్రుక మందం కన్నా ఎన్నో రెట్లు తక్కువ ఎత్తున తేలుతుంది. పళ్లెం నిమిషానికి 3600 చుట్లు, అంటే సెకనుకి 60 చుట్లు తిరుగుతుంది. అందుకే దాని మూత పొరపాటున కూడా విప్పకూడదు. మనకి కనబడని ధూళి కణం దానికి బండరాయి. 1956లో ఐబీఎం కంపెనీ చేసిన మొట్టమొదటి డిస్కు యంత్రానికి 24 అంగుళాల పళ్లాలు 50 ఉండేవి, అన్నీ కలిపి 50 లక్షల అక్షరాలు పట్టేవి. 1980లో సీగేట్ కంపెనీ ఇంచుమించు అంత సరుకునీ అయిదుంపావు అంగుళాల డిస్కులో పెట్టింది. ఇవాళ మన సెల్‌ఫోనులో తీసే ఒకటి రెండు ఫోటోలకే అది సరి!

1981 ఆగస్టులో ఐబీఎం వారి మొదటి పర్సనల్ కంప్యూటరు వచ్చినప్పుడు దాంట్లో హార్డ్‌డిస్కు లేనే లేదు. ఫ్లాపీలతోనే కాలక్షేపం. మాటలు రికార్డు చేసుకునే మామూలు క్యాసెట్ రికార్డరు తగిలించుకునే వీలు కూడా పెట్టారు దానికి. 1983 మార్చిలో 'ఎక్స్‌టీ' అనే రకం వచ్చాకే 10 మెగాబైట్ల డిస్కు లోపలే అమర్చి ఇచ్చారు. అప్పటి ఫ్లాపీలైతే 28 కావాలి ఆ సరుక్కి. దాంతో మొదటిరకం కొన్నవాళ్లందరూ మాకూ డిస్కు కావాలని తెచ్చి తగిలించడం మొదలుపెట్టారు. చిక్కులన్నీ అప్పుడు బయటపడ్డాయి.

మొదటి చిక్కు కరెంటుది. మొదటిరకం యంత్రానికి ఇచ్చిన సరఫరా పెట్టె 63.5 వాట్లది. అది ఫ్లాపీలకి చాలుతుంది. దాదాపు రెండు కిలోల బరువున్న డిస్కు నిలబడ్డచోటి నుంచి తిరగడం మొదలుపెట్టేటప్పుడు ఎంత గుంజుతుందో ఊహించుకోండి. నిండా పప్పు పోసిన గ్రైండరు మొదట ఒక్కసారి మూలుగుతుందే, అట్లాగ. మీట వెయ్యగానే ఫ్యాను ఒక్క చుట్టు తిరిగి ఆగిపోతే, చాలామంది డిస్కు చెడిపోయిందనుకున్నారు. చెడింది డిస్కు కాదు, సరఫరా చాలలేదు. ఎక్స్‌టీలో ఐబీఎం వారే 130 వాట్లది పెట్టారు. ఆ తేడాలోనే ఉంది రహస్యం.

రెండో చిక్కు ఇంకా చిత్రమైంది. యంత్రం నిద్రలేవగానే చదువుకునే పాఠం ఒకటి, 'బయాస్' అంటారు, లోపల చిప్పులో అచ్చై ఉంటుంది. 1982 అక్టోబరు 27 తేదీ వేసిన పాఠం ఉన్న యంత్రాలకే, బయటినుంచి వచ్చి చేరిన డిస్కు కార్డుని వెతికి పలకరించడం తెలుసు. అంతకుముందు పాఠాలకి తెలీదు. మనిషి గుమ్మంలో నిలబడి తలుపు కొడుతున్నా లోపలివాళ్లకి చెవుడైతే ఏం లాభం? తీగలెన్నిసార్లు మార్చినా పనికాలేదు వాళ్లకి. చిప్పు మారిస్తే అయింది. అలాగే 'డాస్' అనే నడిపించే ప్రోగ్రాము కూడా 1983 మార్చిలో వచ్చిన 2.0 గానీ ఆ తరవాతిది గానీ అయితేనే హార్డ్‌డిస్కు అనేది ఒకటుందని గుర్తిస్తుంది.

ఇక మన ఊరి సంగతికొస్తాను. మా మామయ్యగారు ఉద్యోగం విరమించాక 1988లో విజయవాడలో ఎక్స్‌టీ నమూనాలో ఇక్కడే బిగించిన కంప్యూటరొకటి కొన్నారు. 20 మెగాబైట్ల డిస్కు. ఆయన దాంట్లో ఏం చేసేవారో ఇంట్లో ఎవరికీ పట్టలేదు. ఆయన పోయిన చాన్నాళ్లకి అత్తయ్యగారు ఒకరోజు అన్నారు, "నా ఊరగాయలూ పొడులూ అన్నీ ఆయన దాంట్లోకి ఎక్కించారే, నేను చెబుతుంటే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవారు" అని. ఆవిడకిప్పుడు ఎనభై దాటాయి. పేర్లు గుర్తుంటున్నాయి గాని పాళ్లు తారుమారవుతున్నాయి. సోలెడు ఉప్పు అంటారు, మళ్లీ గంటకి అరసోలె అంటారు. మరి నేనేం చెయ్యాలి? ఆ యంత్రానికి కరెంటు పెట్టె కాలిపోయింది. చూడమని పిలిచిన మెకానిక్కు డిస్కు ఊడదీసి చేతిలో పెట్టి, "పోయిందమ్మా, ఫార్మాట్ చేయిస్తే పనికొస్తే పనికొస్తుంది" అనేసి వెళ్లాడు.

ఈ ఫార్మాట్ అనే మాట దగ్గర కాస్త ఆగాలి మీరు. పాత డిస్కుని కొత్తగా తయారుచెయ్యడానికి మూడు అంచెలున్నాయి. మొదటిది పొలం దున్ని చాళ్లు తియ్యడం లాంటిది, 'లో-లెవెల్ ఫార్మాట్' అంటారు. కార్డులోనే దాని ప్రోగ్రాముంటుంది. 'డీబగ్' అనే సాధనం తెరిచి, చాలా కార్డులకి, 'జి=సి800:5' అని కొడితే లేస్తుంది. అప్పుడు డిస్కు మీద అతికించిన కాగితంలోని చెడు జాగాల పట్టీ చూసి ఆ అంకెలు ఎక్కించాలి. లేకపోతే పుచ్చుగింజ ఉన్న డబ్బాలో మంచిపప్పు పోసినట్టే. రెండోది 'ఎఫ్‌డిస్క్', గట్లు వేసి ఇది ఫలానా వారి మడి అని చెప్పడం. అక్కడే ఆ మడిని 'యాక్టివ్' అని గుర్తుపెట్టాలి, అది మరిస్తే డిస్కు బాగానే ఉంటుంది గాని యంత్రం దాన్నుంచి లేవదు. మూడోది 'ఫార్మాట్ సి', డాస్‌ని ఎక్కించి విత్తడానికి సిద్ధం చెయ్యడం. ఖాళీ డిస్కుకి ఇవన్నీ కావలసినవే. లోపల సరుకున్న డిస్కుకి మాత్రం మొదటి అంచె చేశారో, ఇక బ్రహ్మదేవుడు కూడా తీసుకురాలేడు. అందుకే ఎవరేమన్నా నేను ఒప్పుకోలేదు.

హైదరాబాదులో మా మరిదికి ఇలాంటి పాత యంత్రాలంటే పిచ్చి. అతని దగ్గర హార్డ్‌డిస్కు లేని ఎక్స్‌టీ రకం ఒకటి, ఫ్లాపీతో చక్కగా నడుస్తున్నది ఉంది. మామయ్యగారి డిస్కు దాంట్లో పెట్టి చూద్దామన్నాడు. చీర కొంగులో చుట్టుకుని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఆ కాలపు డిస్కులు చాలావాటిలో కరెంటు తీసేయగానే హెడ్డు తనంతట తాను పక్కకి జరగదు. కదిలించేముందు 'పార్క్' అనే ప్రోగ్రాము నడిపి దాన్ని ఖాళీ జాగాలో కూర్చోబెట్టాలి. మాదాంట్లో అది చేసే అవకాశమే లేదు మరి, కుదుపులు తగలకుండా తేవడమొక్కటే మన చేతుల్లో ఉంది.

ముందుగా ఒంటి డిస్కుకి కరెంటు ఇచ్చి చూశాడు మరిది. చిన్న 'టక్' తప్ప చడీచప్పుడూ లేదు. ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే హెడ్డు పళ్లేనికి అతుక్కుపోతుందట, లోపలి గ్రీజు కూడా గట్టిపడుతుంది. దానికి మందు సుత్తి కాదండోయ్! గదిలో గంటసేపు వెచ్చగా ఉంచి, కరెంటు లేనప్పుడు డిస్కుని రెండు చేతులా బల్లపరుపుగా పట్టుకుని, తాళంచెవి తిప్పినట్టు చురుగ్గా ఇటొకసారి అటొకసారి తిప్పాడు. మళ్లీ కరెంటివ్వగానే సన్నగా ఈల మొదలై పెరిగి నిలబడింది. అత్తయ్యగారు పక్కగదిలోంచి, "ఆ, ఇదే చప్పుడు! మధ్యాహ్నం నిద్రపోనిచ్చేది కాదు" అన్నారు.

తరవాత మరిది అంగడిలో కొన్న పాత కార్డొకటి పెట్టి తీగలు తగిలించాడు. తెర మీద '1701' అని అంకె పడింది. ఈ అంకెల భాష తెలుసుకుంటే సగం వైద్యం తెలిసినట్టే. 2 తో మొదలై 201 అని వస్తే జ్ఞాపకశక్తి చిప్పులది, 301 అంటే కీబోర్డుది, 601 అంటే ఫ్లాపీది, 17 తో మొదలైతే హార్డ్‌డిస్కుది. 1701 అంటే డిస్కు చచ్చిందని కాదు. "పిలిచాను, పలకలేదు" అని మాత్రమే. ఎందుకు పలకలేదన్నది మనం వెతుక్కోవాలి.

డిస్కుకి రెండు బల్లపరుపు తీగలుంటాయి. వెడల్పాటిది 34 పోగులది, ఆజ్ఞలు మోస్తుంది. సన్నది 20 పోగులది, సమాచారం మోస్తుంది. అంచున ఎర్రపోగు ఉన్న వైపు ఒకటో నంబరు పిన్ను. అది రెండు చివర్లా సరిచూసుకోవాలి. మా తీగలో ఎర్ర అంచు సరిగానే ఉంది. అయినా పలకదేం? బల్లమీద తీగలన్నీ పరుచుకుని కూర్చున్నాను నేను. 34 పోగుల తీగలో చివరి కొక్కేనికి ముందు కొన్ని పోగులు విడదీసి మెలితిప్పి ఉంటాయి. అది లోపం కాదు, చివరిదీ మధ్యదీ ఏది ఎవరో తెలియడానికి కంపెనీ వాళ్లే చేసిన ఏర్పాటు. ఫ్లాపీకీ 34 పోగులే, హార్డ్‌డిస్కుకీ 34 పోగులే, కొక్కేలూ ఒకదానికొకటి పట్టేస్తాయి. కాని మెలిక చోటు వేరు! ఫ్లాపీ తీగలో 10 నుంచి 16 వరకూ పోగులు, హార్డ్‌డిస్కు తీగలో 25 నుంచి 29 వరకూ. రెండూ పక్కపక్కన పెడితే జడలో పాయ ఎక్కడ తప్పిందో కనిపించినట్టు కనిపించింది. "ఇది ఫ్లాపీది కాదుటయ్యా?" అన్నాను. మరిది తల గోక్కుని, "అవును వదినా" అని సరైనది వెతికి తెచ్చాడు.

ఇక్కడే మరో రెండు సంగతులు. మెలిక ఉన్న తీగ వాడినప్పుడు డిస్కు వెనక ఉండే చిన్న బుడిపె – జంపరు – రెండో స్థానంలోనే ఉండాలి, ఒకే డిస్కు ఉన్నా సరే. 'ఒక్కటే కదా, ఒకటో స్థానంలో పెడదాం' అనేవాళ్లు నాలుగు రోజులు అవస్థపడతారు. ఇంకోటి, తీగ చివరనున్న డిస్కుకి దువ్వెన పళ్లలాంటి కాళ్లున్న చిన్న ముక్క ఒకటుంటుంది, 'టెర్మినేటర్' అంటారు. అది చివరిదానికి తప్పక ఉండాలి, మధ్యదానికి ఉండకూడదు. లేకపోతే ఒకసారి చదువుతుంది, ఒకసారి చదవదు. వంటింట్లో వదులైన ప్లగ్గులాగ ప్రాణం తీస్తుంది. పెట్టెలో ఇతర కార్డులుంటే వాటినీ చూడాలి. ఎక్స్‌టీ డిస్కు కార్డు యంత్రాన్ని పిలిచే గంట నంబరు 5. రెండో ప్రింటరు కార్డు కూడా అదే నంబరు వాడుతుందంటే, ఒకే డోర్‌నంబరున్న రెండిళ్లకి పోస్టుమాన్ వచ్చినట్టే. అనుమానమైతే అక్కర్లేని కార్డులన్నీ తీసేసి, ఒక్కొక్కటే పెట్టి చూసుకోవడం మేలు.

తీగ మార్చాక 1701 పోయింది. సంతోషించాం. తీరా 'సి' లో ఏముందో చూపమంటే చదవలేనంటుంది. ఇంటిల్లిపాదీ మళ్లీ ఫార్మాట్ పాటే పాడారు. మావారు కూడా, "వంటల పుస్తకాలు బజార్లో దొరకవా ఏమిటి" అన్నారు. దొరుకుతాయి లెండి. వాటిలో మా అత్తయ్యగారి మాగాయ ఉండదు.

ఆ రాత్రి మరిది తన పాత పుస్తకాలు తిరగేసి అసలు సంగతి పట్టుకున్నాడు. ఆ కాలపు డిస్కులో చాళ్లు తీసేది డిస్కు కాదు, కార్డు. ఒక కార్డు తీసిన చాళ్లు, ఒక అచ్చయంత్రం మీద అల్లిన కుట్టు ఇంకో యంత్రానికి ఎక్కనట్టే, ఇంకో రకం కార్డుకి చాలాసార్లు అర్థం కావు. డిస్కు ఎక్కడికి వెళ్తే దాని కార్డూ అక్కడికి వెళ్లాలి. మెకానిక్కు డిస్కు ఊడదీసి ఇచ్చాడు గాని కార్డు ఆ చచ్చిన పెట్టెలోనే వదిలేశాడు. మర్నాడే మా చిన్నమ్మాయిని విజయవాడ పంపించాం. కార్డు పట్టుకునేముందు పెట్టె ఇనుప రేకుని ఒకసారి ముట్టుకోమనీ, నైలాను పాలియెస్టరు బట్టలు కాకుండా నూలువి వేసుకోమనీ చెప్పాను. చలికాలంలో ఆ బట్టలు విప్పేటప్పుడు చిటపటమని నిప్పురవ్వలు రావూ, ఆ పాటి రవ్వ చాలు చిప్పు పోవడానికి.

ఆ కార్డు పెట్టి మీట వేశాం. తెరమీద పేర్లు బారులు తీరాయి. 'మాగాయ', 'కందిపొడి', 'బాలింతకారం'... మొత్తం 47. అత్తయ్యగారికి కళ్లు కనబడవు, నేను చదివి వినిపిస్తుంటే ఒక్కొక్కదానికీ "ఊఁ" కొట్టారు.

చేతికందింది కదా అని అక్కడ ఆగకూడదు. పాత డిస్కు మళ్లీ తిరుగుతుందన్న హామీ ఏమీ లేదు. తిరుగుతుండగానే ఆపకుండా సరుకంతా బయటికి తెచ్చుకోవాలి. పాత ఫ్లాపీలు చదివే యంత్రాలు ఇప్పుడు దొరకవు. అందుకని వెనకవైపున్న సీరియల్ పోర్టు నుంచి ఇవాళ్టి కంప్యూటరుకి అడ్డతీగ – పంపే పోగూ అందుకునే పోగూ తారుమారు చేసిన తీగ – వేసి, 'మోడ్' అనే ఆజ్ఞతో వేగం రెండువైపులా ఒకటే పెట్టి, 'కాపీ' అనే ఆజ్ఞలో చిరునామాగా 'కామ్1' అని ఇచ్చి ఒక్కొక్కటే పంపాడు. ఉత్తి అక్షరాలే కాబట్టి అంత తేలిగ్గా అయింది. కొన్నిటి దగ్గర 'మానెయ్యనా, మళ్లీ ప్రయత్నించనా' అని అడిగేది. మళ్లీ అని చెప్పడానికి 'ఆర్' నొక్కాలి. ఒక్కోదానికి పదేసి సార్లు నొక్కాం. విసుక్కోకుండా నొక్కితే సగం పైన లొంగాయి. చివరికి 45 వచ్చాయి. చింతకాయ తొక్కు, నువ్వుల పొడి రాలేదు. ఆ రెండూ అత్తయ్యగారి చేత మళ్లీ చెప్పించి, పాళ్లు మాత్రం చేసి రుచి చూసి రాసుకుంటున్నాను. తొక్కు రెండుసార్లు చేశాను, ఇంకా కుదరలేదు.

ఇలాంటి విషయమే లోగడ ఒకసారి క్లుప్తంగా చెప్పినప్పుడు కొందరు సోదరీమణులు ఉత్తరాలు రాశారు. పాత యంత్రానికి కరెంటివ్వగానే 'ఠప్'మని పేలి పొగ వచ్చిందని ఒకరు రాశారు. అవి టాంటలమ్ అనే లోహంతో చేసిన బొట్టంత కెపాసిటర్లు, వయసు మీరితే అలా పేలతాయి. ఒకటి పేలితే యంత్రమంతా పోయినట్టు కాదు, అది మార్పించవచ్చు. అయితే చాలా ఏళ్లు మూలపడున్న యంత్రానికి కరెంటిచ్చేటప్పుడు ముఖం దగ్గర పెట్టి చూడకండి. ఇంకొకరు, డిస్కు చల్లగా ఉన్నప్పుడు చదువుతోంది, గంటయ్యాక చదవటం లేదు ఎందుకని అడిగారు. ఆ రకం డిస్కుల్లో వేడికి లోపలి భాగాలు వ్యాకోచించి హెడ్డు చాలు పక్కకి జరుగుతుంది. మీరు చదవవలసినవి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు, కొద్దికొద్దిగా, మధ్యలో ఆపుకుంటూ తీసుకోండి. ఖాళీ డిస్కుని కొత్తగా తయారుచేసుకునేవాళ్లు మాత్రం అరగంట తిప్పి వేడెక్కాక, అది పెట్టెలో ఎటు పడుకుని ఉండబోతోందో అటే పడుకోబెట్టి ఫార్మాట్ చేసుకోవాలి.

పెట్టె పాతసామాన్లవాడికి ఇచ్చెయ్యదలచుకున్నామని రాసినవారికి చిన్నమాట. ఇచ్చేటప్పుడు డిస్కు, దాని కార్డు, రెండు తీగలు ఊడదీయించి, ఒక నూలుగుడ్డలో కలిపి చుట్టి, పైన ఏ యంత్రంలోదో ఏ సంవత్సరానిదో కాగితం రాసి బీరువాలో పెట్టుకోండి. మిగతా రేకు ఆయన తీసుకెళ్లవచ్చు.